అంటు కింద చిగురు

అక్టోబర్ 7, 2024. సోమవారం

దుర్గవ్వ కుండీలో వంగ చెట్టుకు ఉమ్మెత్త పువ్వు పూసింది.

పొద్దున ఏడున్నరకు మోటారు వేయమని చెప్పడానికి కింది వాటాలోకి దిగాను. దుర్గవ్వ గడప దగ్గర ఇత్తడి పళ్ళెంలో మారేడాకులు, వాటి పక్కన తెల్లటి బూర లాంటి పువ్వు ఉన్నాయి. పువ్వు ఎక్కడిదని అడిగాను.

"నువ్విచ్చిన చెట్టుకే బిడ్డా. ఏడికో పోయి తెచ్చిననుకున్నవా?"

జూలైలో నేనిచ్చిన అంటుమొక్క అది. పైన ఊదా గుత్తివంగ, కింద అడవి వంగ వేరు. అలా చెప్పే ఇచ్చాను. ఇప్పుడు అంటు ముడికి రెండు వేళ్ళ కింద నుంచి ఒక కొమ్మ మూరెడు పెరిగి ఉంది. ఆకు నున్నగా ఉంది. నూగు లేదు, ముల్లు లేదు.

"కింద చిగురొస్తే గిల్లేయమన్నాను కదా అవ్వా."

"అన్నవ్. గిల్లుదామనే పోయిన. ఆకు జూస్తే ఉమ్మెత్త. శివునికి పెట్టెటి పువ్వు ఇంట్లనే పూస్తుంటె గిల్లుతరా ఎవలన్న? సోమారం సోమారం కుంట కట్ట దాంక నడిచేది తప్పింది నాకు."

"కాయలు తిన్నావా?"

"నాకు వంకాయ పడదు, ఒళ్ళంత దురద. నీ మొగం జూసి పెట్టుకున్న గని. ఏమైంది, గట్ల తెల్లగైనవ్?"

ఏమీ లేదన్నాను.

అలాంటివి తొమ్మిది ఇచ్చాను.

అక్టోబర్ 7, మధ్యాహ్నం

కుండీలో పక్కన పడిన విత్తనం మొలిచి ఉండొచ్చు. మళ్ళీ దిగి మట్టి తవ్వి చూశాను. పక్కన మొలవలేదు. కొమ్మ కాండం నుంచే వచ్చింది.

దుర్గవ్వ గొణుగుతుండగానే మొక్కను వేరుతో పీకి సంచిలో కట్టాను.

వేరు మొక్కలు నర్సరీ ఐలయ్య తెచ్చాడు.

అక్టోబర్ 8

తెలిసినవి రాసుకుంటాను. ఇరవై ఆరేళ్ళు నేరాలు, కోర్టుల వార్తలు రాసినదాన్ని. భయం వేసినప్పుడు ఇదొక్కటే చేతనవుతుంది.

ఉమ్మెత్తలో విషం తయారయ్యేది వేళ్ళలో. అక్కడి నుంచి కాండం గుండా ఆకుకు, కాయకు ఎక్కుతుంది. దాని వేరు మీద వంగ కొమ్మ కడితే ఆ కొమ్మకూ ఎక్కుతుంది. కాయ చూడటానికి వంకాయే, రుచికీ వంకాయే. టమాటాను ఇలా కట్టి తిన్న ఒక కుటుంబం ఆసుపత్రి పాలైనట్టు పాత వైద్య పత్రికల్లో ఉంది. నోరు ఎండుతుంది. కంటిపాపలు పెద్దవవుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. లేనివి కనిపిస్తాయి. తోవ తెలియదు.

ఆదివారం అనుబంధంలో నేను రాసే మిద్దెతోట శీర్షిక తీసి చూశాను. జూన్ 9 నాటిది.

"వంగ ఎక్కడి నుంచో వచ్చింది కాదు. మిరప, టమాటా, ఆలుగడ్డ సముద్రాలు దాటి వచ్చాయి. వంగ మాత్రం మన వైపు అడవి వంగల నుంచి మన వాళ్ళ చేతుల్లోనే పెరటి మొక్క అయింది. అందుకే ఇన్ని రకాలు: గుత్తుల్లో కాసే చిన్న ఊదా, మూరెడు పచ్చ పొడుగు, చారల కాయ, తొడిమె నిండా ముళ్ళున్న నాటు కాయ, కోడిగుడ్డంత తెల్లది. ఆ తెల్లదాన్ని చూసే ఇంగ్లిషు వాళ్ళు దీనికి గుడ్డు పేరు పెట్టారు. ఐరోపాలో కొన్నాళ్ళు దీన్ని పిచ్చి పండు అని కూడా అన్నారు. ఉమ్మెత్త లాంటి విషపు మొక్కలకు చుట్టం కాబట్టి, తింటే మతి పోతుందని భయపడ్డారట. మన అమ్మమ్మలు వింటే నవ్వుతారు."

నవ్వుతారు అని రాశాను.

దాని కిందే ఇది: "కుండీల్లో వేరు కుళ్ళి చనిపోతున్న వాళ్ళు అడవి వంగ వేరు మీద అంటు కట్టుకోవచ్చు. జూలైలో జరిగే మన పాఠకుల కలయికకు మొదట వచ్చే తొమ్మిది మందికి తొమ్మిది రకాల అంట్లు ఇస్తాను. ఒక్కటే నియమం. అంటు కింద చిగురు వస్తే వెంటనే గిల్లేయండి."

గిల్లేస్తే కింది ఆకు ఎవరికీ కనపడదు. కింద ఉన్నది ఏ చెట్టో తెలిసే దారి అదొక్కటే.

అందరూ నా మాట విన్నారు, దుర్గవ్వ తప్ప.

అక్టోబర్ 9

ఏడుగురికి ఫోన్ చేశాను. వారి పేర్లు, నంబర్లు ఆ రోజే రాసుకున్నాను. తెల్ల వంగ తీసుకున్నావిడ మాత్రం కలయిక అయిపోయి కుర్చీలు మడుస్తుంటే వచ్చింది. బస్సుకు టైమైందని నిలబడే తీసుకుని వెళ్ళింది. పేరు అడగలేదు.

ఏడుగురికీ ఒకే మాట చెప్పాను. మొక్కకు తెగులు వచ్చింది, మిగతా వాటికి అంటుకుంటుంది, వేరుతో పీకి పారేయండి.

అబద్ధమేమీ కాదు. ముందు మొక్క పోవాలి, కారణం తర్వాత చెప్పొచ్చు. జనాన్ని భయపెట్టడం వల్ల ఉపయోగం లేదు.

ఐదుగురు సరేనన్నారు. ఎవరికీ ఏమీ లేదు, బాగున్నారు. అడిగాను.

ఉపేందర్‌ది పచ్చ పొడుగు రకం. ఉండేది మైలార్‌దేవ్‌పల్లిలో, పని కాటేదాన్‌లో లేతు మిషను మీద. "ఇప్పుడిప్పుడే కాస్తుంది మేడం, మా అమ్మ రోజు లెక్కవెట్టుకుంటుంది. సరే, చెప్త" అన్నాడు.

రాములమ్మది ముళ్ళ నాటు కాయ. ఊరు పాల్మాకుల. ఆమె పేపరు చూసి రాలేదు. ఐలయ్య వాళ్ళ ఊరి మనిషి, అతను చెబితే వచ్చింది. "పీకేస్త అక్కా. పాపం, మంచిగ కాసింది. నేను తినను, మా ఆయన అన్నం డబ్బలకే పెడుతుంటి. ఇప్పుడు ఆయన పనికే పోతలేడు, ఇంట్లనే తింటున్నడు." భర్త మల్లేశ్వర్, ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద ఆటో నడిపేవాడు. నెల రోజులుగా మతి తప్పుతున్నాడట. ఒకసారి ఆటో ఆపి, ఇంటికి తోవ ఏందని ఎవరినో అడిగాడట. యాభై రెండేళ్ళకే మతిమరుపు జబ్బు కావచ్చని డాక్టర్ అన్నాడట. ధైర్యంగా ఉండమన్నాను. పీకేస్తానంది. పేరు పక్కన టిక్కు పెట్టాను.

అక్టోబర్ 10

ఫోన్ మోగితే మొదటి రింగుకే ఎత్తుతున్నాను. రెండుసార్లు మోగింది. ఒకటి గ్యాస్ వాళ్ళు, ఒకటి మా చెల్లెలు. బతుకమ్మ ఫోటోలు పంపిందట, ఎందుకు చూడలేదని అడిగింది.

అద్దంలో నా కంటిపాపలు చూసుకున్నాను. నేను ఆ కాయలు తినలేదు. అయినా చూసుకున్నాను.

అక్టోబర్ 11

మూడు గంటలకు ఉపేందర్ ఫోన్.

"మేడం, మీరు చెప్పిన తెగులు మనుషులకు గూడ వస్తదా?"

ఎందుకన్నాను.

"మా అమ్మ జర గమ్మత్తుగ చేస్తుంది. నన్ను గుర్తుపడతలేదు. మొగమంత ఎర్రగైంది. దవాఖానకు తెచ్చినం."

"మొక్క పీకేశారు కదా?"

"పీకేసింది మేడం. తెగులు ఆకుకు గని కాయకేంది అని ఉన్నయన్ని తెంపి కూర వండింది. పారేస్తె పాపం అన్నది. నాకు డ్యూటీ ఉండె, నేను తినలే."

అక్టోబర్ 12, శనివారం. దసరా

నిన్న మిగతాది రాయలేకపోయాను. ఫోన్‌లో ఉమ్మెత్త మాట చెప్పలేదు, వస్తున్నానని మాత్రం అన్నాను.

ఆటోలో మైలార్‌దేవ్‌పల్లి వెళ్ళడానికి నలభై నిమిషాలు పట్టింది. చిన్న ప్రైవేటు దవాఖాన, మొదటి అంతస్తు. ఉపేందర్ వాళ్ళమ్మ సత్తెమ్మను అంతకు ముందు చూడలేదు. మంచం మీద కూర్చుని గాలిలో చేతులు ఆడిస్తోంది. ఎడమ చేత్తో ఏదో అందుకోవడం, కుడి చేత్తో రెండు కొసలూ మెలిపెట్టడం, పక్కన పడేయడం. మళ్ళీ అందుకోవడం. చాలా వేగంగా.

"పదహారేండ్లు చాక్లెట్ల కంపెనీల చేసింది మేడం, కాటేదాన్ల. కాయిదం చుట్టెటి పని. బందువెట్టి ఎనిమిదేండ్లాయె" అన్నాడు ఉపేందర్. వాడు ఏడుస్తున్నాడు. "అమ్మా, షిఫ్టు అయిపోయిందే, ఇగ లే" అని బతిమాలుతున్నాడు. ఆమె వాడి వైపు చూసి, "ఇంక రెండు డబ్బలున్నయి సార్" అంది.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. పక్షవాతమేమో, తల స్కానింగుకు పంపుదాం అంటున్నాడు. ఏం తిన్నదని అడిగాడు. అన్నం, వంకాయ కూర అన్నాడు ఉపేందర్. డాక్టరు తలూపి రాసుకున్నాడు. వంకాయ కూరలో ఏముంటుంది?

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చెప్పాల్సిన మాట ఒక్కటే. నోరు ఎండిపోయింది. గోడ మీద గడియారం ఉంది. నేను వచ్చినప్పుడు నాలుగూ ఐదు. నోరు తెరిచేటప్పటికి నాలుగూ తొమ్మిది. ఇది రాసి ఉంచాలి. నాలుగు నిమిషాలు.

"ఉమ్మెత్త" అన్నాను. "ఆ వంగ చెట్టు వేరు ఉమ్మెత్తది. నేనిచ్చాను."

డాక్టరు టార్చి తీసి ఆమె కళ్ళలో వేశాడు. తర్వాత అందరూ పరుగెత్తారు.

ఉపేందర్ నన్ను తిట్టలేదు. "తెగులన్నరు గద మేడం" అన్నాడు.

ఈ రోజు పదకొండింటికి వాడే ఫోన్ చేశాడు. తెల్లవారాక కొడుకును పేరు పెట్టి పిలిచిందట. పండుగ పూట ఇంట్లో కోడి కోయకుండా ఇక్కడెందుకు కూర్చున్నావని తిట్టిందట.

అక్టోబర్ 12, సాయంత్రం

మిగిలిన ఐదుగురికీ ఫోన్ చేసి నిజం చెప్పాను. ఒకాయన పోలీసు కేసు పెడతానన్నాడు. పెట్టండి అన్నాను. అందరూ కాయలు కూడా పారేశారు.

రాములమ్మను కాయలు ఉన్నాయా అని మాత్రం అడిగాను. ఆ రోజే పెంట మీద పారేసినం అంది. కారణం చెప్పలేదు. ఆమె ఇంట్లో ఇప్పటికే ఒక కష్టం ఉంది. ఇంకో భయం ఎందుకు?

అక్టోబర్ 13

బెంగళూరు రోడ్డు పక్కన ఐలయ్య నర్సరీకి వెళ్ళాను. నువ్వు తెచ్చిన మొక్కల్లో ఉమ్మెత్త ఎలా కలిసిందని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను.

పైపు కింద పడేసి నిలబడ్డాడు.

"ఎన్ని తెచ్చిన నేను?"

నీళ్ళు కారుతున్న పైపు వైపు చూశాను.

"చెప్పు మేడం. ఎన్ని తెచ్చిన? ఆరు. మా పొలం గట్టు మీదికెల్లి ఆరు తెచ్చిన. ఇంక మూడు కావాలె అన్నవ్. వచ్చే ఐతారం తెస్త అన్న. నీకు ఆగబుద్ధి కాలే. మా చిన్నపోరిని అడుగు, అడవి వంగకు, ఉమ్మెత్తకు తేడా చెప్తది. మీ పేపరోళ్ళకు అన్ని తెలుసు, ఒక్క ఆకు తప్ప."

ఆ మాటకు అక్కడ మొక్కలు కొంటున్న ఇద్దరు నవ్వారు.

అక్టోబర్ 13, తర్వాత

ఆరు ఐలయ్య తెచ్చాడు. మూడు నేను పీకాను.

జూన్ 16, ఆదివారం, వాన వెలిశాక. మా కాలనీ వెనక అమ్ముడుపోని ప్లాట్ల అంచున. నాలుగాకుల మొక్కలు. ఐలయ్య తెచ్చిన వాటికి ఆకు మీద నూగు ఉంది, వీటికి లేదు. లేతవి కాబట్టి లేదనుకున్నాను. ముల్లు తర్వాత వస్తుందనుకున్నాను. బ్లేడుతో తల కోసినప్పుడు పాడు వాసన వచ్చింది. సబ్బుతో కడిగినా వేళ్ళకు ఉండిపోయింది. ఐలయ్యకు ఒక ఫోటో పంపితే సరిపోయేది. ఫోను నా పక్కనే ఉంది.

తొమ్మిది అని పేపర్లో అచ్చయింది. ఆరు ఇవ్వడం నాకు నామోషీ అనిపించింది.

ఏ మూడో గుర్తు పెట్టుకోలేదు. ఒకటి దుర్గవ్వది. ఒకటి సత్తెమ్మ తిన్నది. మూడోది ఎవరిదో తెలియదు. తెల్ల వంగ ఆవిడ ఎవరో కూడా తెలియదు.

అక్టోబర్ 15

అనుబంధం చూసే ప్రియదర్శినిని ఆఫీసులో కలిశాను. నా కూతురి వయసు. నేను నేర్పిన పిల్ల.

"రెండు లైన్ల సవరణ వేద్దాం మేడం. కొన్ని మొక్కల్లో లోపం ఉన్నట్టు తెలిసింది, తీసుకున్నవారు వాడవద్దు అని."

"లోపం కాదు. విషం."

"ఆ మాట వేస్తే మీ శీర్షిక ఉండదు. మీకు తెలుసు కదా."

"శీర్షిక స్థలంలోనే వేయి. అదే సైజులో. ఇచ్చింది నేను, పీకింది నేను, మొదట అబద్ధం చెప్పింది నేను. తెల్ల వంగ తీసుకున్నావిడ ఎక్కడున్నా ఈ నంబరుకు ఫోన్ చేయాలి."

నా మాటలు టైపు చేసుకుంది. "మీరే అనేవారు, ఇద్దరు చెప్పనిదే ఏదీ రాయొద్దని. మరి ఆ మొక్కల సంగతి ఒక్కరినీ అడగలేదా?" అంది. దెప్పడానికి కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

ఆదివారం దాకా ఆగాలి. తెల్ల వంగ ఉన్న ఆ ఇంట్లో ఇంకో ఐదు రోజులు.

అక్టోబర్ 17

ఫోన్ పట్టుకునే తిరుగుతున్నాను. స్నానాల గదిలోకి కూడా.

అక్టోబర్ 18

గుడ్డంత తెల్లటి కాయలు. పిల్లలు ముచ్చటపడతారు.

అక్టోబర్ 20, ఆదివారం

అచ్చయింది. నలభై మూడు ఫోన్లు. తిట్లు, పరామర్శలు, ఒకరైతే అంటు ఎలా కట్టాలని అడిగారు. తెల్ల వంగ ఆవిడ మాత్రం చేయలేదు.

అక్టోబర్ 21

పొద్దున పదింటికి కొత్త నంబరు.

"మేడం, నా పేరు కళ్యాణి. షాద్‌నగర్ నుంచి. తెల్ల వంకాయ మొక్క నాదే. ఇయ్యాల సమోసా కట్టిచ్చిన పేపర్ల మీ ఫోటో చూసిన."

ఎంతమంది తిన్నారు, ఎలా ఉన్నారు, అని నేనే వరసగా అడిగేస్తున్నాను.

"జర ఆగుండ్రి మేడం. మేం మంచిగనే ఉన్నం. నాతోని ఒక తప్పయింది. మీరు కింద చిగురు గిల్లమన్నరు. నాకు పచ్చటి ఆకు గిల్లబుద్ధి కాదు. ఉంచిన. కోపం చేయకుండ్రి."

ఫోటో పంపింది. ఆకు నిండా నూగు. కాండానికి ముళ్ళు. కొసన బఠాణీల్లాంటి కాయల గుత్తి. అడవి వంగ. అది ఐలయ్య తెచ్చిన ఆరింటిలోది.

కుర్చీలో కూలబడి ఏడ్చాను. పది నిమిషాలు హాయిగా ఉంది.

ఆ తర్వాత లెక్క మొదలైంది. మూడోది కళ్యాణిది కాదు. అంటే ఆ ఐదుగురిలో ఒకరిది, లేదా రాములమ్మది. ఐదుగురిళ్ళలో అందరూ బాగున్నారు.

తొమ్మిదో తేదీ రాసుకున్నది మళ్ళీ చదివాను. నా చేతిరాతే. "మా ఆయన అన్నం డబ్బలకే." "నెల రోజులుగా." తోవ ఏందని అడిగాడు. దాని ముందు రోజు నేను రాసిన విషం లక్షణాల్లో చివరిది: తోవ తెలియదు.

టిక్కు పెట్టాను.

అక్టోబర్ 22

పాల్మాకుల. రాములమ్మ ఇల్లు దొరకడానికి ఇద్దరిని అడిగాను.

వాకిట్లో ఒకాయన కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూడగానే, "మొక్కలిచ్చిన అక్క గద. ఐలయ్య ఫోన్ల ఫోటో చూసిన" అన్నాడు. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి. మొదట అవే చూశాను.

రాములమ్మ సంతోషంగా ఉంది. "పది రోజులాయె అక్కా, మంచిగున్నడు. ఎల్లమ్మకు మొక్కిన. నిన్న సొంతంగ దుకాణం దాంక పోయొచ్చిండు."

పీకిన మొక్క చూపించమన్నాను. తెగుల్ది ఏం చూస్తవ్ అంటూనే ఇంటి వెనక పెంట దగ్గరికి తీసుకెళ్ళింది. పైన వంగ కొమ్మ ఎండి నల్లబడింది. వేరుకు మట్టి ఉంది, వానలు పడ్డాయి. ముడి కింద నుంచి కొత్త చిగురు వచ్చింది. ఇక్కడ గిల్లే వాళ్ళు లేరు. నాలుగు ఆకులు. నున్నగా ఉన్నాయి. ఒకటి తుంచి నలిపాను. జూన్ నాటి వాసనే.

అక్కడే నిలబడి చెప్పాను. మొత్తం. తెగులు అబద్ధమనీ, రెండోసారి ఫోన్ చేసినప్పుడు కూడా దాచాననీ. ఆమె మొహం చూస్తూ చెప్పాలనుకున్నాను. ఆకు చూస్తూ చెప్పాను.

ఆమె ఎండిన కొమ్మను కాలితో పక్కకు జరిపింది. పైన విమానం దిగుతోంది, అది పోయేదాకా ఆగినట్టుంది.

"అంటే ఆయనకు రోగం లేదా అక్కా?"

"లేదు."

"మల్ల రాదా?"

"ఆ కాయ తినకపోతే రాదు. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఆయనతోనే చెప్పిస్తాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కసారిగా నవ్వింది. వాకిట్లోకి పరుగెత్తింది. "ఓ, ఇగో, ఇనవడుతుందా? నీకేం లేదట! నీ మతి మంచిగనే ఉన్నదట! వంకాయ చేసిందట అంత!"

మల్లేశ్వర్ చేతిలో ఎల్లిపాయ అలాగే పట్టుకుని ఆమెనూ నన్నూ చూశాడు. అంతా మళ్ళీ చెప్పించుకున్నాడు. నింపాదిగా విన్నాడు. నెలన్నరగా తనతో అందరూ మాట్లాడిన తీరు గుర్తుకొస్తున్నట్టుంది.

"మరి ఆటో?" అన్నాడు.

రాములమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఏ ఆటో?" అన్నాను.

"నాదే. డాక్టర్ చెప్పినంక, యాడనన్న గుద్దుకుంటనని వీళ్ళు అమ్మిచ్చిండ్రు. బతుకమ్మకు ముందల. ఇరవై మూడేండ్ల సంది ఆటోనే నా పని." గొంతులో కోపం లేదు. "కొన్నాయన షాద్‌నగర్ ఆయన. పేరు యాదికి లేదు. ఆనాడు నేను మంచిగ లేకుంటి."

బండి నంబరు ఉంటే పట్టుకోవచ్చు, కనుక్కోవడం నా పని, అన్నాను. కాగితం ఏదైనా ఉందేమో చూడమని రాములమ్మను అడిగాను.

"కాయిదమెందుకు?" అన్నాడు మల్లేశ్వర్.

అక్షరాలు, అంకెలు అన్నీ వరసగా చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. రాసుకున్నాను.